పదకొండో నంబరు

ఆ రోజు పొద్దున పరంజ్యోతి చేయాల్సిన పనులన్నీ మామూలువే. చర్చి ఆవరణలో షామియానా కింద కుర్చీలు వేయించడం, వంటవాళ్ళకు చేపలు అందించడం, గడ్డం గీసుకుని కొత్త చొక్కా తొడుక్కోవడం, తడ నుంచి బస్సులో వచ్చే మగపెళ్ళివారిని ఎదురెళ్ళి తీసుకురావడం, భోజనాల వేళకల్లా చెల్లెలు ఎవాంజెలిన్ ప్రధానం సవ్యంగా జరిపించడం. వీటిలో ఒక్కటి కూడా అతనికి కష్టమనిపించలేదు. కష్టమైన పని వేరే ఉంది. చెల్లెలి వేలికి ఉంగరం తొడిగేదాకా ఎవరినీ ఏ ప్రశ్నా అడగకుండా నోరు కట్టుకుని ఉండాలి.

జువ్వలదిన్నె రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే పరంజ్యోతికి లోకంలో ఉన్న విషయాలన్నీ ప్రశ్నల్లాగే కనబడతాయి. బోగోలు దగ్గర వరి పండించుకుంటూ, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మైకుసెట్టు కట్టే హరినాథ్‌కూ అదే జబ్బు. పదో తరగతిలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు అంటుకున్నది, నలభై దాటినా తగ్గలేదు. కనబడితే చాలు, ఒకరి మీద ఒకరు జనరల్ నాలెడ్జి ప్రశ్నలు విసురుకుంటారు. దానికి వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. ప్రశ్నను ఊరికే అడగకూడదు. చిన్నప్పుడు హరినాథ్ వాళ్ళ మోటారు షెడ్డులో కూర్చుని విన్న రేడియో వార్తల ధోరణిలో, గొంతు బరువు చేసి, గ్రాంథికంలో ముందు ఒక విషయం ప్రకటించాలి. తరువాత గుటక వేసేంత సేపు ఆగాలి. ఆ తరువాతే ప్రశ్న. జవాబు చెప్పలేనివాడు మళ్ళీ గెలిచేదాకా రెండోవాణ్ణి "సార్" అని పిలవాలి.

ఇద్దరి మధ్య ఉన్నంతవరకు ఈ ఆటవల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా పోయినేడు ఎవాంజెలిన్‌కు వచ్చిన కావలి సంబంధం దగ్గర జరిగింది. పెళ్ళికొడుకు తండ్రి పెద్ద చదువు చదివినాయన. భోజనాల్లో ఆయన చేప తలకాయను ప్రేమగా చేతిలోకి తీసుకున్న క్షణాన పరంజ్యోతి ఎదురుగా నిలబడి, "మీనములు నిద్రించును గాని కన్నులు మూయవు" అని ప్రకటించి, గుటక వేసి, "కారణమేమి?" అని అడిగాడు. ఆయన చేప కళ్ళలోకి చూశాడు. చేప ఆయన కళ్ళలోకి చూసింది. "రెప్పలుండవు మామా. ఇంక నన్ను సార్ అనాల" అని పరంజ్యోతి నవ్వాడు. ఆయన నవ్వలేదు. చెయ్యి కడుక్కున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, సంబంధం అక్కడితో సరి.

అందుకే ఈసారి ఎవాంజెలిన్ ముందే అన్నను కూర్చోబెట్టి చెప్పింది. "అన్నా, మాథ్యూ నాకు నచ్చినాడు. ఉంగరాలు మార్చుకునేదాకా ఒక్క ప్రశ్న గూడా అడగబాక. ఎవురినీ."

"ఒట్టేస్తా."

"ఒట్లొద్దు. మాట చాలు."

ఆమె ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఎక్కువ మాట్లాడదు. అమ్మా నాయనా పోయాక ఆ పిల్లను పరంజ్యోతీ, భార్య రెబెక్కమ్మా కన్నబిడ్డలా పెంచారు. ఆమె నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదటిసారి. పరంజ్యోతి మాటిచ్చాడు.

ఈ సంబంధానికి ఇంకో చిక్కు కూడా ఉంది. మాథ్యూ ఐసు ఫ్యాక్టరీ యంత్రాలు చూసే పనివాడు. రేవులోనే ఉద్యోగం కుదిరింది కాబట్టి పెళ్ళయ్యాక ఇక్కడే కాపురం. వాళ్ళమ్మ ఎస్తేరమ్మకు సముద్రమంటే చచ్చేంత భయం. కొడుకును సముద్రం గట్టు మీద పెట్టి తాను తడలో నిద్రపోలేనని రెండుసార్లు మాట వెనక్కి తీసుకుంది. పరంజ్యోతి ఫోన్లో, "మా ఊళ్ళో గాలి గూడా చెప్పి వస్తాదమ్మా" అని నచ్చచెప్పి, ఒకసారి ఊరు చూసుకోమని ప్రధానానికి ఒప్పించాడు. ఆమె వచ్చి, చూసి, మనసు కుదుటపడితే ఉంగరం. లేకుంటే తిరుగు బస్సు.

చర్చి ఆవరణలో వంటమాస్టరు ముత్యాలయ్య గ్రైండరులో కొబ్బరీ మసాలా రుబ్బిస్తున్నాడు. ఆ గ్రైండరు పాతది. అది తిరిగేటప్పుడు పక్కనున్న మనిషి మాట కూడా సరిగా వినబడదు. దాని పక్కనే బల్ల మీద హరినాథ్ ఆంప్లిఫయరు పెట్టుకుని వైర్లకు టేపు చుడుతున్నాడు. చెల్లెలి ప్రధానం ప్రార్థన రేవంతా వినబడాలని పరంజ్యోతి పట్టుబట్టినందువల్ల గొట్టాల మైకులను వీధి చివర తుఫాను షెల్టరు మేడ మీద కట్టి, రేవు దిక్కుకు తిప్పి వచ్చాడు.

"వెనుకకు ఎగురగల పక్షి ఒకటి కలదు" అని గట్టిగా ప్రకటించి, గుటక వేసి, "అది ఏది?" అని అరిచాడు హరినాథ్.

"హమ్మింగ్ బర్డ్. ఒకటో క్లాసు ప్రశ్న."

"అయితే నీ వంతు."

"నాకు వంతు లేదు. చెల్లెలికి మాటిచ్చినా."

"పెళ్ళోళ్ళని అడగనని ఇచ్చింటావు."

"ఎవురినీ అడగనని ఇచ్చినా."

"నేను ఎవురిలో లెక్కరా?" అన్నాడు హరినాథ్ నొచ్చుకున్నట్టు.

ఆ మాటలో న్యాయం ఉన్నట్టు తోచింది పరంజ్యోతికి. మనసు ఒక పని చేయాలనుకుంటే న్యాయం దానంతటదే వచ్చి పక్కన నిలబడుతుంది. పైగా టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెబుతున్నప్పటి నుంచి అతని నోట్లో ఒక ప్రశ్న నానుతోంది. అలాంటి ప్రశ్నను దాచుకోవడం అంటే వేడి బజ్జీని బుగ్గన పెట్టుకుని ఊరుకోవడమే. చుట్టూ చూశాడు. చెల్లెలు లేదు, రెబెక్కమ్మ లేదు. ముత్యాలయ్య గ్రైండరు గోలలో ఉన్నాడు. ఎప్పుడూ స్పానరును నోటి దగ్గర పెట్టుకుని ప్రకటించేవాడికి ఈ రోజు బల్ల మీద నిజం మైకే కనబడింది. దాన్ని అందుకున్నాడు.

"ముఖ్య గమనిక. జువ్వలదిన్నె రేవునందు పదకొండవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేయడమైనది."

పద్ధతి ప్రకారం గుటక వేశాడు. సరిగ్గా ఆ గుటకలోనే కరెంటు పోయింది. గ్రైండరు ఆగిపోయింది. ఆవరణ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"దీనికి అర్థమేమి?" అని ముగించాడు పరంజ్యోతి.

హరినాథ్ తల గోక్కున్నాడు. "పది దాకా విన్నాం. పదకొండు గూడా ఉండాదా?"

"ఉండాది."

"సాయంత్రం దాకా టైమియ్యి."

"తీసుకో. అప్పటికీ చెప్పకుంటే నన్ను సార్ అనాల." మనసు తేలికపడి, పరంజ్యోతి గడ్డం గీసుకోవడానికి ఇంటికి పోయాడు.

రేవులో అప్పుడే పడవలు ఒడ్డుకు చేరి జనం చేపలు ఏరుకుంటున్నారు. షెల్టరు మీది గొట్టాల్లోంచి ఎవరిదో తెలియని బరువైన గొంతు ప్రమాద సూచిక సంగతి ప్రకటించి, మరుక్షణం మూగబోయింది. అదే క్షణాన ఐసు ఫ్యాక్టరీ మోటార్లు కూడా ఆగిపోయాయి. తుఫాను వచ్చే ముందు కరెంటు తీసేస్తారని రేవులో అందరికీ తెలుసు. జనం మొహాలు చిన్నపోలయ్య వైపు తిరిగాయి. ఊళ్ళోని పడవ మనుషుల్లో ఆయనే పెద్ద.

"మూడో నంబరుకు వల మడుస్తాం," అన్నాడు చిన్నపోలయ్య మెల్లగా. "ఏడుకు పడవ గట్టెక్కిస్తాం. పదికి బిడ్డల్ని చంకనేసుకుంటాం. పదకొండు నా జన్మలో వినలా."

వినని దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. పదకొండంటే సముద్రం రైలు పట్టాల దాకా వస్తుందని ఒకరు. పట్టాలు దాటుతుందని ఇంకొకరు. ఆకాశంలో మబ్బు తునక లేదు కదా అని ఎవరో సణిగారు. ముందు అట్టనే నిమ్మళంగా ఉంటుందని నలుగురు ఒకేసారి జవాబిచ్చారు. కాసేపట్లో పడవలు గట్టెక్కుతున్నాయి, మేకలు తాళ్ళు తెంచుకుంటున్నాయి, టీవీలు నెత్తిన ప్రయాణం చేస్తున్నాయి. పాస్టరుగారు షెల్టరు తాళం తీయించారు.

పరంజ్యోతి ఒక చెంప గీసుకుని రెండో చెంపకు నురగ పట్టించేసరికి చిన్నపోలయ్య ఆయాసపడుతూ వాకిట్లోకి వచ్చాడు. వెనకాల పది పన్నెండు మంది.

"జోతీ, నువ్వు నాలుగు విషయాలు తెలిసినోడివి. పదకొండో నంబరంటే ఏందిరా?"

పరంజ్యోతికి ఒళ్ళు పులకరించింది. "ఎందుకు మామా?"

"రేవులో ఎగరేసినారంట. మైకులో చెప్పినారు."

ఇందాక తాను ప్రశ్నగా అడిగింది ఇంతలోనే నిజమైపోయిందా అనుకున్నాడు. మనిషికి తన తెలివి మీద నమ్మకం బలంగా ఉంటే తన తప్పు మీద అనుమానం రాదు. లోకం తన జనరల్ నాలెడ్జి వెంట నడవడం అతనికి వింతగా తోచలేదు. నురగ మొహంతోనే నిటారుగా నిలబడ్డాడు.

"పదకొండంటే గాలికి గుర్తు కాదు మామా. తుఫాను హెచ్చరికలు పంపే ఆఫీసుతో సంబంధాలు తెగిపోయినాయని అర్థం."

జవాబు అక్షరాలా సరైనదే. సరైన జవాబు ఇంత పని చేస్తుందని ఎవరూ అనుకోరు. అది వాకిలి దాటేసరికి ఆఫీసు ఫోన్లు తెగిపోయాయి, సందు మలుపులో ఆఫీసు కప్పు ఎగిరిపోయింది, రేవు చేరేసరికి ఆఫీసే కొట్టుకుపోయింది. ఊరందరూ ఒకేసారి చుట్టాలకు ఫోన్లు చేయడంతో ఎవరికీ లైను దొరకలేదు. సంబంధాలు తెగిపోయాయన్న మాట అలా ఎవరి సెల్లులో వాళ్ళకు రుజువైంది.

అప్పటికి గాని పరంజ్యోతికి ప్రధానం గుర్తు రాలేదు. ఎస్తేరమ్మ భయపడినదేదో అది ఆమె వచ్చే రోజునే రావాలా? రెబెక్కమ్మ పట్టుచీర సర్దుకుంటూ వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసింది.

"ఏమయ్యా, ఎండ ఫెళ్ళున కాస్తాందే?"

"ముందు అట్టనే ఉంటాది," అన్నాడు పరంజ్యోతి. ఊరినంతటినీ హడలగొట్టినవాడు తానే ఊరందరికన్నా ఎక్కువ హడలిపోయాడు. మాథ్యూకు ఫోను మీద ఫోను చేశాడు. కలవలేదు.

ఎవాంజెలిన్ మాత్రం ప్రధానం చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపి, ఆరోగ్య కేంద్రం నుంచి మందుల పెట్టె తీసుకుని వీధిలోకి వచ్చింది. ఏ ఇంట్లో నడవలేని మనుషులున్నారో, ఎవరికి నెలలు నిండాయో ఆమెకు తెలుసు. "మస్తానమ్మవ్వని మంచంతోనే ఎత్తండి. సాయిలక్ష్మి మెట్లు ఎక్కనీకుండా కుర్చీలో తీసుకుపోండి," అంటూ ఒక్కో గడపా తిరిగి జనాన్ని షెల్టరు ఎక్కించింది.

పరంజ్యోతి సామాను సర్దడానికి చర్చి ఆవరణకు పరుగెత్తాడు. ముత్యాలయ్యా అతని మనుషులూ గరిటెలు పట్టుకునే షెల్టరుకు పోయారు. హరినాథ్ ఒక్కడే ఆంప్లిఫయరు ముందు నిలబడి దాన్ని చూస్తున్నాడు.

"ఒరే జోతీ. స్విచ్చి ఆన్‌లో ఉండాది."

"ఉండనీ. కరెంటు లేదు గదా."

"కరెంటు ఉన్నప్పుడు గూడా ఆన్‌లోనే ఉండింది. గొట్టాలు యాడ కట్టినాం?"

"షెల్టరు మీద."

"యాడికి తిప్పినాం?"

"రేవు దిక్కుకి."

"నువ్వేం ప్రకటించినావు?"

జీవితంలో మొదటిసారి హరినాథ్ అడిగిన అన్ని ప్రశ్నలకూ పరంజ్యోతికి వెంటవెంటనే జవాబులు తెలిశాయి. తెలియకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"మైకులో అబద్ధమని చెబ్దాం. జనరేటరు యాడ?" అన్నాడు తేరుకుని.

"ట్రాక్టరు మీద వస్తాంది."

"ట్రాక్టరు యాడ?"

"దారిలో పదకొండో నంబరని విని వెనక్కి పోయినాడంట."

పరంజ్యోతి సగం గడ్డంతో షెల్టరుకు పరుగెత్తాడు. మెట్ల మీద నిలబడి, రొప్పుతూ, తుఫానూ లేదు గిఫానూ లేదు, అందరూ ఇళ్ళకు పొమ్మని అరిచాడు. జనం అతన్ని జాలిగా చూశారు.

"ఇందాకే గదరా ఆఫీసుతో తెగిపోయిందంటివి," అన్నాడు చిన్నపోలయ్య.

"అది జవాబు మామా. ముందు నేను హరినాథుని ప్రశ్న అడిగినా. అది మైకులో పోయింది."

"జవాబు ముందా, ప్రశ్న ముందా?"

"ప్రశ్నే ముందు. కరెంటు పోయి ప్రశ్న సగమే పోయింది. మిగతా సగం నేను నోటితో అడిగినా."

నిజం చెప్పినా నమ్మేటట్టు చెప్పే ఓపిక అతనికి లేదు, వినే ఓపిక వాళ్ళకు లేదు. చిన్నపోలయ్య దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "చెల్లెలి ప్రధానం ఆగిపోతాదని నీ బాధ నాకు తెలుసు. అంతమాత్రాన ఊరుని ముంచుతావా?" దాంతో చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని రెక్క పట్టుకుని, వద్దన్నా వినకుండా మేడ మీదికి ఎక్కించి, నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు.

మేడ మీద ఎవాంజెలిన్ మస్తానమ్మకు బీపీ చూస్తోంది. చూడడం అయ్యాక అన్న దగ్గరకు వచ్చి నేల మీద కూర్చుంది.

"పోలయ్య మామ చెప్పినాడు మైకులో ఏం వచ్చిందో. 'ఎగురవేయడమైనది' అని ఈ ఊళ్ళో ఇంకెవురంటారన్నా?"

పరంజ్యోతి తల దించుకున్నాడు. "ఒక్కటేనమ్మా అడిగింది. హరినాథునే."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే అతనికి కొంత ఊరటగా ఉండేది. "ఆమె రోడ్డు మీదనే విని ఉంటాది. తిరిగిపోయుంటారులే," అని లేచి, ఏడుస్తున్న పసిబిడ్డ దగ్గరకు పోయింది. పరంజ్యోతికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు ఆ పిల్ల అడిగినవి కొనివ్వలేకపోయిన రోజులున్నాయి, అప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. ఊరకే ఉండమని అడిగింది, అదీ ఇవ్వలేకపోయాడు. నాలుక కోసుకుందామన్నంత కోపం వచ్చింది తన మీద తనకు.

అప్పుడు కింద బస్సు హారను మోగింది.

ఆగకుండా మోగుతున్న ఆ హారనుకు జనమంతా పిట్టగోడ దగ్గరకు చేరారు. తడ బస్సు షెల్టరు ముందు ఆగింది. అందరికన్నా ముందు ఎస్తేరమ్మ దిగింది. భారీ మనిషి. ఒక చేతిలో బైబిలు సంచి, ఒక చేతిలో గొడుగు. వెనకాల మాథ్యూ, అతని వెనక కాళ్ళూ చేతులూ ఆడని మేనమామలు.

"పిల్ల యాడుంది?" అని ఎస్తేరమ్మ కింద నుంచే కేక వేసింది. "ముందు పిల్లని బస్సెక్కించండి. పట్టినంతమంది ఎక్కండి. మిగతావాళ్ళకి ఇంకో ట్రిప్పు."

రెబెక్కమ్మ దిగి ఎదురెళ్ళేలోగా ఆమె మెట్లెక్కేసింది. జరిగిందేమిటో మాథ్యూ చెప్పాడు. హైవే మలుపు దగ్గర ఎదురొచ్చే ఆటోలవాళ్ళు పోవద్దన్నారట. మామలు బస్సు తిప్పమన్నారట. "పిల్లని నీళ్ళల్లో వదిలేసి మనం ఇంటికి పోయి అన్నం తింటామా? తిన్నా దిగుతాదా?" అని వాళ్ళమ్మ డ్రైవరు పక్కనే నిలబడి ఇక్కడిదాకా తీసుకొచ్చిందట. సముద్రం పేరెత్తితే వణికే మనిషి సముద్రానికి ఎదురొచ్చింది.

ఎస్తేరమ్మ మేడ మీదికి వచ్చి ఆయాసం తీర్చుకుంటూ చుట్టూ చూసింది. ముసలివాళ్ళు చాపల మీద పడుకుని ఉన్నారు. పసిపిల్లల తల్లులు గాలి తగిలే చోట కూర్చున్నారు. తాగే నీళ్ళు ఒక మూల, మందులు ఒక మూల. వాటి మధ్య ప్రధానం చీర దోపుకుని తన కోడలు. తరువాత ఆమె పిట్టగోడ దగ్గరకు నడిచి, కళ్ళు చికిలించి, సముద్రాన్ని చూసింది. అలలు రోజూ వచ్చినట్టే వచ్చి పోతున్నాయి.

"తుఫాను యాడ?" అంది.

మేడ మీది కళ్ళన్నీ ఒక్కొక్కటిగా సగం గడ్డం వైపు తిరిగాయి. పరంజ్యోతి లేచి నిలబడ్డాడు. హరినాథ్ స్నేహధర్మం కొద్దీ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"తుఫాను లేదమ్మా. నేను వీణ్ణి ఒక ప్రశ్న అడిగినా. అది పొరపాటున మైకులో పోయింది. తప్పంతా నాది. మీరు ఏం అనుకున్నా పడతా. నా చెల్లెలికి మాత్రం ఇందులో ఏ పాపం తెలీదు."

ఈసారి అతను పూసగుచ్చినట్టు, మొదటి నుంచి, గుటకతో సహా చెప్పాడు. ఊరు ఇప్పుడు నమ్మింది. నమ్మాక చిన్నపోలయ్య తాను మోసుకొచ్చిన టీవీని ఒకసారి, తన నడుమును ఒకసారి తడుముకుని, "దించేదానికి గూడా నేనేనా?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్తేరమ్మ నవ్వలేదు. మేనమామలు గొంతు సవరించుకున్నారు. ఇక తిరుగు బస్సే అనుకున్నాడు పరంజ్యోతి.

ఎస్తేరమ్మ మస్తానమ్మ మంచం దగ్గరకు పోయింది. "ఈ అవ్వని ఎవురు మోసుకొచ్చినారు?"

"మేమే," అన్నారు నలుగురు.

"మోయమని ఎవురు చెప్పినారు?"

"మా సిస్టరమ్మ," అని మస్తానమ్మే మంచం మీద నుంచి జవాబిచ్చింది.

"ఊళ్ళో ఇంకా ఎవురన్నా మిగిలినారా?"

చిన్నపోలయ్య వేళ్ళు మడిచి చూసి తల అడ్డంగా ఊపాడు. "కోళ్ళు దప్ప ఎవురూ లేరమ్మా."

ఎస్తేరమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నా చిన్నప్పుడు మా ఊరికి తుఫాను వచ్చింది," అంది. "వస్తాదని ఎవురూ చెప్పలా. మా అవ్వకి కాళ్ళు లేవు. ఎత్తుకుపొయ్యే మనిషి లేక ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి నాకు భయం సముద్రం కాదు. ఎవురూ రారని భయం." ఎవాంజెలిన్ మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆమె తాగి, గ్లాసు ఇవ్వకుండా ఆ చెయ్యే పట్టుకుంది. "రాని తుఫానుకే ఇంతమందిని మేడెక్కించినారు. నిజంగా వస్తే నా కొడుకుని వదిలేస్తారా? పాస్టరయ్యగారూ, ప్రార్థన మొదలుపెట్టండి. ఉంగరాలు సంచిలోనే ఉండాయి."

పరంజ్యోతి ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చాలాసేపయిందని అప్పుడు తెలిసింది. ఆ వదిలిన ఊపిరికి పక్కనున్న హరినాథ్ చొక్కా కదిలింది. రెబెక్కమ్మ నవ్వుతూ ఏడ్చింది. మేనమామలు ఊరు చల్లగా ఉందని, గాలి బాగా వస్తోందని ఒకరితో ఒకరు అనుకున్నారు.

ప్రధానం షెల్టరు మేడ మీదే జరిగింది. షామియానా కింద కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. మాథ్యూ ఉంగరం తొడిగేటప్పుడు ఎవాంజెలిన్ చీర కుచ్చిళ్ళు ఇంకా నడుముకు దోపే ఉన్నాయి. పరంజ్యోతి సగం గడ్డంతోనే ఫొటోల్లో పడ్డాడు.

ప్రార్థన అయ్యాక చెల్లెలు అన్న చెవిలో చెప్పింది. "పెళ్ళి రోజు నీ నోటికి ప్లాస్టరేస్తా. నర్సుని, బాగా వేస్తా."

"వెయ్యమ్మా," అన్నాడు పరంజ్యోతి. అంత సంతోషంగా ఆ మాటకు ఒప్పుకున్నవాడు ఇంకెవడూ ఉండడు.

"అదంతా సరే," అన్నాడు హరినాథ్ వెనక నుంచి. "పదకొండుకు అర్థం ఊరంతటికీ నువ్వే చెప్పేస్తివి. నేను ఓడినట్టా, లేనట్టా?"

"నోరు ముయ్యరా."

ఎస్తేరమ్మ పెద్దరికంగా కల్పించుకుంది. "ఇద్దురూ ముయ్యండి. మైకు మాత్రం పాస్టరయ్యగారి చేతికియ్యండి."

ముత్యాలయ్య మనుషులు గరిటెలతో కిందికి దిగి పొయ్యిలు మళ్ళీ రాజేశారు. పిలిచిన వాళ్ళకు మాత్రమే వండదలచిన భోజనం. తీరా చూస్తే ఊరు ఊరంతా మేడ మీద ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళను పిలవలేదని లేపి పంపే అలవాటు జువ్వలదిన్నెలో లేదు. మస్తానమ్మ మంచం మీదే కూర్చుని తింది. ఎస్తేరమ్మ సముద్రం వైపు తిరిగి కూర్చుని తింది. ఎవరి మొహం చూసినా గండం గడిచిన కళే, గండం రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. మామిడికాయ వేసిన చేపల పులుసు మొదటి పంక్తికే అడుగంటింది. అన్నం రెండుసార్లు వార్చారు, మూడోసారికి బియ్యం ఇళ్ళ నుంచి తెచ్చారు.

నిజం తుఫానుల్లోనూ వండిన అనుభవం ఉన్న ముత్యాలయ్య ఖాళీ గుండిగ బోర్లిస్తూ, వచ్చిన తుఫాను నుంచి బయటపడ్డవాళ్ళు ఇంతలా తినరని అన్నాడు.